కాలిన వాసన ఎప్పుడొస్తోంది?

బండి బాగోగులు – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలింకా ముదరలేదు, అప్పుడే కాలిన వాసన ఉత్తరాలు మొదలయ్యాయి. రాసినవాళ్లంతా వాసన ఎలా ఉందో వర్ణించారు గానీ ఎప్పుడొస్తోందో చెప్పినవాళ్లు తక్కువ. ముక్కును పూర్తిగా నమ్మడానికి లేదు. ఒకే వాసన ఒకరికి రబ్బరులా, ఇంకొకరికి ప్లాస్టిక్‌లా అనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, పది ఇరవై కిలోమీటర్లు నడిచాకా, ఏసీ వేస్తేనా, లైట్లు వేస్తేనా అన్నది తేలితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. మెకానిక్‌కి చెప్పేటప్పుడూ అంతే. "ఏదో కాలుతోందండీ" అంటే ఆయన తనకు అలవాటైన సామానేదో మార్చేస్తాడు.

శివరాత్రి రద్దీ తగ్గాక ఆదివారం కోటప్పకొండ వెళ్లాం. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఐదుగురం. ఘాట్ మీద బండ్లు వరస కట్టి అంగుళం అంగుళం కదిలాయి. పైకి చేరేసరికి ఘాటైన కాలిన వాసన, కాస్త పొగ. అరగంట ఆపాక మామూలుగానే నడిచింది. ఆటోనగర్‌లో చూపిస్తే క్లచ్ సెట్ మొత్తం మార్చాలంటున్నారు. బండి తిరిగింది 38 వేల కిలోమీటర్లే. మార్చాలా?
– బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకుడు

వెంటనే ఒప్పుకోకండి. ఆ వాసన క్లచ్ ప్లేట్ లైనింగ్‌ది. పీచు, రెసిన్ కలిపి నొక్కి చేసిన పట్టీ అది. పెడల్ సగం తొక్కి ఉంచితే ఇంజిన్ వైపు ఫ్లైవీల్ వేగంగా తిరుగుతుంటుంది, గేర్‌బాక్స్ వైపు ప్లేట్ అందుకోలేక జారుతుంటుంది. ఆ రాపిడికి రెసిన్ మాడుతుంది. ఎత్తు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్, యాక్సిలరేటర్‌తోనే బండిని వెనక్కి జారకుండా ఆపడం మనవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు. ఐదుగురి బరువుతో పది నిమిషాలు అలా చేస్తే కొత్త క్లచ్ అయినా పొగ వదులుతుంది. ఒక్కసారి వాసన వచ్చినంత మాత్రాన ప్లేట్ పోయినట్టు కాదు. పోయిందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. డబ్బు ఖర్చు లేదు.

మొదటిది: తెల్లవారుజామున ఖాళీగా ఉండే చదును రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది), వేగం ముల్లు కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ పట్టు బాగున్నట్టే. ఇంజిన్ ఒక్కసారిగా రయ్యిమని, ఆర్‌పీఎం పైకెగిరి, వేగం మాత్రం అక్కడే ఉండిపోతే ప్లేట్ జారుతున్నట్టు. రెండోది: ముందు ఎవరూ లేనిచోట ఆపి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, కుడికాలు బ్రేక్ మీద ఉంచి, నాలుగో గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే దడదడలాడి ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ పట్టడం లేదు. ఈ రెండో పరీక్ష ఒక్కసారే చేయండి. పదేపదే చేస్తే ఆ పరీక్షే ప్లేట్‌ని కాలుస్తుంది.

పెడల్ కూడా చూసుకోండి. మీది కేబుల్ క్లచ్ అయితే పెడల్‌ని వేలితో నొక్కినప్పుడు బరువు తగిలే లోపు కాస్త ఖాళీ ఆట ఉండాలి. చాలా చిన్న కార్లలో అది ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. కచ్చితమైన కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది. అసలు ఆట లేకపోతే కేబుల్ మరీ బిగిసి ఉన్నట్టు. మీరు కాలు తీసినా పెడల్‌తో కదిలే రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమి ఉంచే ప్రెషర్ ప్లేట్‌ని కొంచెం నొక్కుతూనే ఉంటుంది, ప్లేట్ కొంచెం కొంచెంగా జారుతూనే ఉంటుంది. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివరి నట్టు వదులు చేస్తే సరిపోయే పనికి క్లచ్ సెట్ మార్చినవాళ్లున్నారు. కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్‌లకు ఈ సర్దుబాటు ఉండదు.

పరీక్షల్లో జారుతోందని తేలితే మార్చాల్సిందే, అప్పుడు మాత్రం పొదుపు చేయొద్దు. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి వేయించండి. గేర్‌బాక్స్ దింపే కూలీ ఏది మార్చినా ఒకటే. దింపినప్పుడు దగ్గరుండి రెండు చూడండి. ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు గానీ సన్నటి గీతల్లాంటి పగుళ్లు గానీ ఉన్నాయా? ఉంటే లేత్ మీద తీయించడమో, మార్చడమో చేయాలి. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ చుట్టూ తడి ఉందా? ఉంటే ఆ సీల్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లేట్ మీదా ఆయిల్ పడి నెలల్లోనే మళ్లీ జారుతుంది. పాత ప్లేట్ చేతికివ్వమనండి. లైనింగ్ రివెట్ తలల దాకా అరిగిపోయిందా, అరగకుండానే నల్లగా అద్దంలా మెరుస్తోందా, ఆయిల్‌తో జిడ్డుగా ఉందా చూస్తే తప్పు వయసుదో, అలవాటుదో, సీల్‌దో అక్కడే తెలిసిపోతుంది.

ఇక కొండ ఎక్కేటప్పుడు ముందు బండికి రెండు కార్ల దూరం వదిలి, అది కదిలాక ఫస్ట్ గేర్‌లో ఒక్క ఊపున వెళ్లి, మళ్లీ హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్ చేయండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. వాసన వచ్చిందంటే చదును చోట ఆపి, న్యూట్రల్‌లో, క్లచ్ మీద కాలు లేకుండా ఓ ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. ఏఎంటీ కార్లవాళ్లు, అంటే గేర్లు వాటంతటవే మారే బండ్లవాళ్లు, తమకు క్లచ్ బాధ లేదనుకుంటారు. పెడల్ లేదంతే, లోపల అదే ప్లేట్ ఉంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అదీ అలాగే మాడుతుంది.

సర్వీస్ చేయించిన మర్నాటి నుంచి బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, మాడిన నూనె వాసన. నడుస్తుంటే ఉండదు.
– గుణదల, విజయవాడ

నడుస్తున్నప్పుడు ఎదురుగాలి ఆ వాసనను కిందినుంచి లాక్కెళ్తుంది. ఆగగానే అది బానెట్ లోంచి పైకి లేచి, ముందు అద్దం కింద ఉండే గాలి దారి గుండా లోపలికి వస్తుంది. వేడి సైలెన్సర్ పైపు మీద ఇంజిన్ ఆయిల్ పడుతోందన్నమాట. ఫిల్టర్ విప్పేటప్పుడు ఒలికిన ఆయిల్ తుడవకుండా వదిలేసి ఉంటే ఒకటి రెండు రోజులు నడిచేసరికి కాలిపోయి వాసన దానంతటదే పోతుంది. వారం దాటినా ఉంటే ఎక్కడో కారుతోంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టార్చ్ వేసి ఈ వరసలో చూడండి. ఆయిల్ మూత బిగిసి ఉందా, డిప్‌స్టిక్ పూర్తిగా కూర్చుందా, ఫిల్టర్ అంచు తడిగా ఉందా, కింద డ్రెయిన్ నట్టుకు చుక్క వేలాడుతోందా. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులై కారుతుంది. అప్పుడు ఆయిల్ వేగంగా పోతుంది, జాగ్రత్త. బండిని చదునున నిలిపి, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ చూడటం రోజూ పొద్దున్నే చేయండి.

ఇవన్నీ బాగుంటే ఇంజిన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ కింది ప్యాకింగ్ చూడాలి. పాతబడ్డ ప్యాకింగ్ గట్టిపడి, పిండితే వంగకుండా విరుగుతుంది. కారింది సన్నగా ఇంజిన్ పక్క గోడ మీదుగా దిగి సరిగ్గా ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద పడుతుంది. అనుమానం తీరాలంటే ఆ భాగమంతా శుభ్రంగా తుడిచి, ఇరవై కిలోమీటర్లు నడిపి, మళ్లీ టార్చ్ వేసి చూస్తే తడి ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. బోల్టులు బలంగా బిగిస్తే ఆగుతుందనుకోవడం పొరపాటు. అవి చాలా బండ్లలో సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపుకే చేసినవి. మించితే కవర్ వంగుతుంది, ప్లాస్టిక్‌దైతే పగులుతుంది. కొత్త ప్యాకింగ్ వేసినా నెలలోనే మళ్లీ కారితే పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిరిని బయటకు వదిలే చిన్న కవాటం) మూసుకుపోయి లోపలి ఒత్తిడి బయటకు తన్నుతోందేమో చూడమనండి. ఆ వాల్వ్ చవకే. అది వదిలేసి ప్యాకింగ్‌లు మార్చుకుంటూ పోవడం మాత్రం ఖరీదు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా కారు రెండు రోజులు నీళ్లలో ఉంది. ఇంజిన్, సీట్లు అన్నీ బాగు చేయించాం. ఇప్పుడు గన్నవరం వెళ్లి వస్తే వెనక ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన, చక్రం దగ్గర చేయి పెట్టలేనంత వేడి. మైలేజీ కూడా పడిపోయింది.
– సింగ్‌నగర్, విజయవాడ

బ్రేక్ పట్టేసి వదలడం లేదు. వరదలో మునిగిన బండ్లకు ఇంజిన్ మీద పెట్టిన శ్రద్ధ చక్రాల మీద పెట్టరు. ఒండ్రు నీరు హ్యాండ్ బ్రేక్ కేబుల్ తొడుగులోకి, వీల్ సిలిండర్ రబ్బర్ల వెనక్కి, బేరింగుల్లోకి చేరి నెలల తరబడి తుప్పు పట్టిస్తూ ఉంటుంది. మీకు ఇప్పుడు బయటపడింది.

ముందు నాలుగు చక్రాలను పోల్చి చూడండి. పది కిలోమీటర్లు బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, వేగం దానంతటది తగ్గాక ఆపి, ఒక్కో చక్రం మధ్యభాగానికి అరచేయి వెనకవైపు దగ్గరగా తీసుకెళ్లండి, ముట్టుకోవద్దు. కుడి ఎడమలకు కొట్టొచ్చినట్టు తేడా ఉంటే ఆ వేడి చక్రమే దొంగ. తర్వాత ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టి, ఆ చక్రం జాకీతో లేపి, హ్యాండ్ బ్రేక్ దించి చేత్తో తిప్పాలి. లైనర్లు కాస్త గీసుకున్న చప్పుడు వచ్చినా ఫర్వాలేదు గానీ చక్రం తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ నట్టు వదులు చేయించండి. చక్రం వదిలితే తప్పు కేబుల్‌ది. దానికి నూనె పోసి నాలుగు రోజులు నడిపించే మెకానిక్‌లు ఉంటారు, నూనె కారిపోతుంది, ఒండ్రు అక్కడే ఉంటుంది. కేబుల్ మార్చడమే మేలు.

కేబుల్ వదులు చేసినా చక్రం తిరగకపోతే డ్రమ్ విప్పాలి. వీల్ సిలిండర్‌కు అటూ ఇటూ ఉండే రబ్బరు టోపీ అంచు మెల్లగా ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి. బ్రేక్ ఆయిల్ తడి ఉన్నా, ఇటుకరంగు తుప్పునీరు కనిపించినా సిలిండర్ మార్చాలి. లైనర్లు నల్లగా మెరుస్తున్నా, ఆయిల్ పీల్చినా వెనక రెండు చక్రాలకూ కొత్తవి వేయాలి, ఒక్కవైపే వేస్తే బ్రేక్ కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది. లైనర్ షూ ఆనుకుని జరిగే వెనక పళ్లెం మీద గాడి పడి ఉంటే అక్కడా షూ ఇరుక్కుంటుంది. తుప్పు గీకి, వేడికి ఆగే గ్రీజు పలచగా, లైనర్‌కి అంటకుండా రాయాలి.

విప్పిన చేత్తోనే ముందు డిస్క్ బ్రేకులూ చూపించండి. డిస్క్‌ని పట్టి ఆపే క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు చేత్తో లాగితే రావాలి, నొక్కితే వెళ్లాలి. వాటికి సిలికాన్ బ్రేక్ గ్రీజు మాత్రమే వాడాలి. మామూలు చాసిస్ గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. క్యాలిపర్ పట్టేసి ఉన్నప్పుడు బ్లీడింగ్ నిపుల్ (బ్రేక్ ఆయిల్ బయటకు వదిలే చిన్న మర) ఒక్క క్షణం వదులు చేసి చూడమనండి. చుక్క చిమ్మి చక్రం వదిలిపోతే క్యాలిపర్ మంచిదే, లోపల పొర ఊడి దారి మూసుకుపోయిన రబ్బరు గొట్టంలో గానీ దానికి పైన గానీ తప్పుంది. వదలకపోతే క్యాలిపర్‌దే. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఖరీదైన క్యాలిపర్ మార్చేస్తుంటారు.

బ్రేక్ ఆయిల్ మార్చారా? సీట్లు ఆరబెట్టినవాళ్లు ఇది మర్చిపోతారు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను కూడా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. పట్టేసిన బ్రేక్ వేడికి ఆయిల్ మరిగి బుడగలైతే పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోతుంది. మామూలు బండికి రెండేళ్లకోసారి, మునిగిన బండికి వెంటనే మార్పించండి. చిన్న కారుకు లీటరు డబ్బా సరిపోతుంది, సీలు మీ ముందే తీయాలి.

వేడి మీద చక్రానికి నీళ్లు కొట్టకండి, డ్రమ్మో డిస్కో వంకర తిరుగుతుంది. చక్రం నుంచి వేడితో పాటు హూ మనే మోత వస్తూ, మలుపుల్లో అది మారుతుంటే బేరింగ్ కూడా పోయింది.

ఏసీ వేసినప్పుడే కీచుమని అరుపు, రబ్బరు కాలిన వాసన.
– తాడేపల్లి

బెల్ట్ జారుతోంది. కంప్రెసర్ బరువు పడగానే వదులుగా ఉన్న బెల్ట్ పుల్లీ మీద గీసుకుంటుంది. ఇంజిన్ ఆపి బెల్ట్ లోపలి గాడులు చూడండి. మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్లున్నా మార్చాలి. అయితే బెల్ట్ ఒక్కటీ మార్చి పంపించేస్తే ఒప్పుకోవద్దు. బెల్ట్ తీసినప్పుడు కంప్రెసర్ పుల్లీ, టెన్షనర్ పుల్లీ చేత్తో తిప్పించండి. గరగరమన్నా, ఊగినా బేరింగ్ పోయింది, కొత్త బెల్ట్ కూడా మాడుతుంది. ఈలోగా ఏసీ లేకుండా నడుపుకోవచ్చు గానీ, ఏసీ ఆపినా గరగర ఉంటే నడపొద్దు. బెల్ట్ తెగితే బ్యాటరీ చార్జింగ్ ఆగుతుంది, కొన్ని బండ్లలో వాటర్ పంపు కూడా దాంతోనే తిరుగుతుంది.

హైవే మీద రాత్రిళ్లు కనపడటం లేదని 100/90 వాట్ల (హై బీమ్ 100, లో బీమ్ 90) బల్బులు వేయించాను. అరగంట లైట్లు వేసి నడిపితే ప్లాస్టిక్ కాలిన వాసన. ఎడమ లైటు గుడ్డిగా వెలుగుతోంది. ఫ్యూజ్ రెండుసార్లు పోతే పెద్దది వేశారు.
– అరండల్‌పేట, గుంటూరు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో మమ్మల్ని కంగారు పెట్టింది ఇదే. ఆ పెద్ద ఫ్యూజ్ ఈరోజే తీసేయండి, మిగతాది తర్వాత చదవండి.

కంపెనీ వైరింగ్ 60/55 వాట్ల బల్బు కోసం వేసినది. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లది 8 దాటుతుంది. కరెంట్ ఒకటిన్నర రెట్లు చిల్లర పెరిగిందని తేలిగ్గా తీసుకోకూడదు. తీగలో, కనెక్షన్లో పుట్టే వేడి కరెంట్ వర్గంతో పెరుగుతుంది, అంటే దాదాపు మూడింతలు. మొదట దెబ్బ తినేది బల్బు వెనక మూడు కాళ్ల హోల్డర్. వేడికి దాని ఇత్తడి పట్టు వదులవుతుంది, వదులైన చోట ఇంకా వేడి పుడుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి కరుగుతుంది. కరెంట్ అక్కడే వేడిగా ఖర్చైపోతోంది కాబట్టి బల్బుకు వోల్టేజీ చాలక గుడ్డిగా వెలుగుతుంది. ఎక్కువ వెలుతురు కోసం వేసిన బల్బు తక్కువ వెలుతురిస్తోంది. స్టీరింగ్ దగ్గర లైట్ల స్విచ్ లోపలి కాంటాక్టులూ ఇదే కరెంట్‌తో మాడుతుంటాయి.

ఫ్యూజ్ ఉన్నది తీగను కాపాడటానికి. పది ఆంపియర్లది ఎరుపు, పదిహేను నీలం, ఇరవై పసుపు, ముప్పై ఆకుపచ్చ. మూత మీద రాసిన సంఖ్య దాటి వేస్తే ఫ్యూజ్ పోయే బదులు తీగ కాలుతుంది, అదీ డాష్‌బోర్డు లోపల, కనపడనిచోట. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్లు, రాగి తీగ ముక్క దూర్చేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్లు నడిరోడ్డు మీద తగలబడటానికి ఇలాంటి సొంత తెలివితేటలు ఒక కారణం.

చేయాల్సిన పని ఇది. పాత 60/55 బల్బులు పెట్టించండి. రెండు హోల్డర్లూ మార్పించండి, వేడికి తట్టుకునే పింగాణీవి దొరుకుతాయి. పాత తీగ కొస కోస్తే లోపలి రాగి నల్లగా ఉంటే, ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయించాలి. మెలితిప్పి టేపు చుట్టడం కాదు, క్రింప్ చేసి వేడి స్లీవ్ తొడగాలి. లైట్ల ఎర్త్ బోల్టు విప్పి తుప్పు గీకి మళ్లీ బిగించాలి. తర్వాత ఇంజిన్ ఆన్‌లో, లైట్లు వేసి, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు దగ్గర ఒకసారి కొలవమనండి. తేడా అర వోల్టు దాటితే దారిలో ఇంకా ఎక్కడో మాడుతోంది.

వెలుతురు చాలదంటే అదే 60/55 బల్బుకు రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను ఆన్ చేసే స్విచ్) పెట్టించండి. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి జానెడు లోపే ఫ్యూజ్, పాత తీగ రిలేని ఆన్ చేయడానికి మాత్రమే. పూర్తి వోల్టేజీ అందితే మామూలు బల్బు వెలుతురు చూసి మీరే ఆశ్చర్యపోతారు. చాలాసార్లు అసలు తప్పు బల్బుది కూడా కాదు, లైటు అద్దం ఎండకు పసుపు పట్టి ఉంటుంది. పాలిష్ చేయిస్తే సరిపోతుంది.

గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే కాజ టోల్ దాటాక ఒక కారు బానెట్ నుంచి పొగలు. చుట్టూ జనం చేరి బానెట్ ఎత్తారు, భగ్గుమంది. అలాంటప్పుడు ఏం చేయాలి?
– పెదకాకాని

ఎత్తినందుకే భగ్గుమంది. లోపల గాలి చాలక మగ్గుతున్న మంటకు ఒక్కసారిగా గాలి అందింది. పొగ చూడగానే ఎడమ అంచుకు తీసి, మొదట కిటికీలు దించి, ఆపై ఇంజిన్ ఆపండి. వైరింగ్ కాలితే తాళాలు, అద్దాలు పనిచేయకపోవచ్చు. అందరూ దిగి రోడ్డుకు ఎడమవైపు బాగా దూరంగా వెళ్లాలి, సామాను కోసం తిరిగి రావద్దు. 112 గానీ 101 గానీ, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా.

తెల్లగా లేచి గాల్లో కలిసిపోతూ, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్ ఆవిరి, మంట కాదు. అప్పుడు చల్లారేదాకా ఆగడమే పని. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. బూడిదరంగు పొగ, కళ్లు మండే వాసన అయితే నిజంగానే కాలుతోంది. కారులో మంటలార్పే కిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ ఉంటే బానెట్ లివర్ లోపలినుంచి లాగి, మూత ఎత్తకుండా ఆ సందులోంచి మంట మొదలు వైపు కొట్టండి. అది పట్టుమని పది సెకన్లు వస్తుంది, అంతే. ఆరకపోతే దూరంగా జరగండి. సిలిండర్ డిక్కీలో సామాన్ల కింద పెట్టినవాళ్లకు అది ఉన్నా లేనట్టే. ముందు సీటు కింద బిగించి, ముల్లు పచ్చ గీతలో ఉందా అని నెలకోసారి చూసుకోండి.

తెనాలి వైపు ఊళ్లలో మినుము రోడ్ల మీద పరుస్తున్నారు. వాటి మీదుగా వెళ్లాక గడ్డి కాలిన వాసన వచ్చింది. కింద చూస్తే సైలెన్సర్‌కి చెత్త చుట్టుకుని ఉంది.
– దుగ్గిరాల

మీరు ఆగి చూడటం చాలా మంచి పని. డెల్టాలో వరి కోశాక వేసిన మినుము ఫిబ్రవరి, మార్చిల్లో పీకి, బండ్ల చక్రాల కింద నలిగితే నూర్పిడి ఖర్చు కలిసొస్తుందని రోడ్డు మీద పరుస్తారు. ఎండిన తీగలు చక్రాలతో లేచి ఇరుసుకు చుట్టుకుంటాయి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మీదకు చేరతాయి. అది మామూలు నడకలోనే లోపల 400 డిగ్రీలు దాటి ఉంటుంది. ఎండుగడ్డికి అంత వేడి అక్కర్లేదు. పైగా పక్కనే ప్లాస్టిక్ పైపులు, పెట్రోల్ గొట్టాలు ఉంటాయి.

వీలైతే పక్కనుంచి పోండి. తప్పకపోతే వేగం తగ్గించి దాటండి, మధ్యలో ఆపొద్దు. ఆపితే వేడి పైపు కిందే గడ్డి ఉంటుంది. దాటిన వందగజాల్లో మట్టి నేల మీద నిలిపి, ఇంజిన్ ఆపి, కర్రతో చుట్టుకున్నది లాగండి. చేత్తో వద్దు. సీసాడు నీళ్లు దగ్గర పెట్టుకుని గడ్డి రాజుకుంటే దాని మీదే పోయండి. కూరగాయల కవర్ కరిగి సైలెన్సర్‌కి అంటుకున్నా కంగారు పడక్కర్లేదు. పైపు పూర్తిగా చల్లారాక చెక్క ముక్కతో గీకేయండి, మిగిలిన మరక నాలుగు రోజులు కంపు కొట్టి పోతుంది.

బీఎస్ 6 డీజిల్ కారు. ఇల్లు, షాపు, బడి తప్ప ఎక్కడికీ తిప్పను. అప్పుడప్పుడూ వేడి ఇనుములాంటి కాలిన వాసన, ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటోంది. కారేమైనా పాడైందా?
– మంగళగిరి

పాడవలేదు, తన పని తాను చేసుకుంటోంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ జల్లెడ ఉంటుంది. అది నిండాక కారే అదనంగా డీజిల్ కొట్టి, జల్లెడను 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఆ పని జరుగుతుండగా మీరు షాపు ముందు ఆపేస్తే మసి సగం కాలి మిగిలిపోతుంది, చల్లార్చడానికి ఫ్యాన్ తిరుగుతుంది. వాసన వచ్చినా, ఐడిల్ ఆర్‌పీఎం కాస్త పెరిగి కనిపించినా ఇంకో పావుగంట ఆపకుండా నడపండి. వారానికోసారి కారును విజయవాడ బైపాస్ ఎక్కించి, 60 – 80 వేగంతో, ఆర్‌పీఎం 2000కు తగ్గని గేర్‌లో ఇరవై నిమిషాలు తిప్పి రండి. ఆ సమయంలో ఎండుగడ్డి మీద, చెత్త మీద మాత్రం నిలపకండి.

ఒక్క విషయం మీద కన్నేసి ఉంచండి. పని పూర్తికాకుండా పదేపదే ఆగిపోతుంటే ఆ అదనపు డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గే బదులు పెరిగి పై గీత దాటి, పలచగా, డీజిల్ వాసన వేస్తుంటే సర్వీస్ గడువు కోసం చూడకండి. ఆయిల్, ఫిల్టర్ మార్పించాకే బండి తీయండి.